బోరుకు నీళ్లు

పిల్లలకు ఇంగ్లీషు చెప్పే పంతుల్ని. 'బోర్' అన్న మాటకు మొదటి అర్థం తొలచడమనీ, విసుగు తర్వాతెప్పుడో వచ్చి చేరిందనీ చెబుతుంటాను. మొన్న మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్లే బస్సులో, పక్కన కూర్చున్న పెద్దావిడ ఒడిలో టెంకాయ, నీళ్ల సీసా కనిపించాయి. ఏ గుడికని అడిగాను.

"గుడికి కాదప్పా, మా బోరు కాడికి. అందులో నీళ్లు పడింది ఈ దినమే. మా ఆయన ఉన్నన్నాళ్లూ ఏటా ఇద్దరమూ పూజ చేస్తాంటిమి."

"ఇప్పుడు నీళ్లున్నాయా అమ్మా?"

"యాడుండాయి? ఆయన పోయిన ఏడే అదీ ఎండిపోయె."

"మరి ఈ సీసా?"

"దాని నోట్లో పోసేదానికి."

నేను చెప్పే అర్థాల్లో దేనికీ నోరు లేదు. ఆవిడ సీసా మూత గట్టిగా బిగిస్తూ అంది:

"ఇన్నేండ్లు మాకు నీళ్లు తాపింది గదప్పా."