మూలపురుషుడి మీసం

మా మావయ్య కోటలో మోటారు మనిషి. బావిలోంచి ట్యాంకుకి నీళ్ళెక్కించడం ఆయన పని. కాలు ఒకచోట నిలవదు. నిలబడి తింటాడు, నడుస్తూ నిద్రపోతాడు. నమ్మకపోతే మా అత్తని అడగండి. పెళ్ళి ఫోటోలో ఆవిడ పక్కనున్నది మనిషి కాదు, మసక.

అలాంటివాణ్ణి పట్టుకుని బొమ్మకి కూర్చోమన్నారు.

దొరల కోట హోటలవుతోంది. పెద్ద హాల్లో వంశమంతా నూనెరంగుల్లో వరసగా వేలాడుతుంటుంది. కోట కట్టిన మూలపురుషుడు మోచేత్తో పులిని చంపాడని చెప్పుకుంటారు. ఖాయంగా నిజమే, ఆ మాట పుట్టించింది నేనే. బడి నన్ను వదులుకుంది కాబట్టి పుస్తకాల్లో లేని చరిత్ర నాకు బాగా వచ్చు. ఆయన కొడుకు బురుజులు లేపాడు. మనవడు పావురాల పందెంలో తూర్పు బురుజు ఓడిపోయి, గెలిచినవాడు దాన్ని ఎత్తుకుపోలేక వెళ్ళిపోతే, మళ్ళీ మనదేనని విందు చేశాడు. ఆ తరవాతివాళ్ళు ఒక్కో గదికీ తాళం వేసుకుంటూ వచ్చారు. చివరికి మిగిలింది చిన్నదొర, గబ్బిలాలు.

చిక్కేమిటంటే, మూలపురుషుడి బొమ్మని చెదలు తినేశాయి. కత్తిపిడీ దాన్ని పట్టుకున్న చెయ్యీ మాత్రం మిగిలాయి. దాన్ని మళ్ళీ వెయ్యడానికొచ్చిన చిత్రకారుడు ఆ చేతికి తగిన ముఖం కోసం కోటంతా తిరిగి, ట్యాంకు దిగుతున్న మావయ్య మీసం చూసి ఆగిపోయాడు. ఆ మీసం కొసల మీద చెరో కాకి వాలొచ్చు.

"కదలకయ్యా బాబూ!"

"కదల్లేదండీ, మోకాలే కదిలింది."

మోటారు నడుస్తున్నంతసేపూ దానిమీద చెవి పెట్టి రాయిలా ఉంటాడని కనిపెట్టి, చిత్రకారుడు రంగులన్నీ మోటారు గదికి మోయించాడు. బొమ్మ పూర్తయ్యాక ఆ చూపు యుద్ధభేరి వింటున్న చూపని చిన్నదొర మురిసిపోయాడు. మావయ్య వింటున్నది బేరింగు చప్పుడు.

మురిపెం తీరగానే చిన్నదొర మావయ్యని పిలిపించాడు.

"ప్రారంభానికి పెద్దపెద్దవాళ్ళొస్తున్నారు. మా మూలపురుషుడు పానా పట్టుకుని ట్యాంకెక్కుతుంటే ఏం బాగుంటుంది? మీసమన్నా తియ్యి, పనన్నా మానెయ్యి."

"బొమ్మలో మీసం చెరిపేస్తే పోలేదా దొరా?"

"వంశానికి పరువుండొద్దూ!"

ఇక ఇంట్లో మావయ్య వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుడే తిరుగుడు.

"మీసం మళ్ళీ మొలుస్తుంది. పని మొలుస్తుందా?" అంది అత్త. "కాస్త కూర్చో, నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"ఇది మా నాన్న మీసమే!"

"ఆయనది ఆయనతోనే పోయింది. ఇది నీదే. నువ్వే తేల్చుకో."

తేల్చుకోలేదు. ప్రారంభం రోజు మధ్యాహ్నం దాకా నాన్చి, అప్పుడెళ్ళి సెలూన్లో కూర్చున్నాడు. మూలపురుషుణ్ణి గొరిగిన పాపం తనకొద్దని సెలూనాయన కాసేపు బెట్టు చేసి, ఎడమవైపు తీశాడు. కత్తి కుడివైపుకి వచ్చేలోపు కోట కాపలాదారు రొప్పుతూ వచ్చాడు.

"నీళ్ళాగిపోయాయి! లోపల అతిథులు ఒంటినిండా సబ్బుతో అరుస్తున్నారు!"

మెడలో తువాలుతోనే మావయ్య పరుగు. మోటారు గదికి దగ్గర దారి హాల్లోంచి. హాలు నిండా జనం.

సోఫాలో కూర్చున్న ఒక ముసలి రాణిగారు బొమ్మని చూసింది, మీసమున్న మావయ్య కుడి చెంపని చూసింది.

"ఏం పోలికర్రా! ఎవరీ అబ్బాయి? మీ చుట్టమా?"

చిన్నదొర అడ్డొచ్చాడు. "అవునండీ... దూరపు చుట్టం."

"చుట్టాన్ని తువాలుతో పరిగెత్తిస్తారా? కూర్చో నాయనా, నా పక్కన."

మఖమలు కుర్చీ వచ్చింది. చిన్నదొర మావయ్య చెవిలో గొణిగాడు: "కూర్చో. ఇకనుంచి నువ్వు మా మనిషివే. మీసం మళ్ళీ పెంచుకో. మోటారుకి ఇంకొకణ్ణి పెడతా."

మావయ్య కూర్చున్నాడు. రాణిగారు తాతముత్తాతల గురించి అడుగుతోంది. పైనుంచి ఎవరో "నీళ్ళేవీ!" అని కేకేశారు. మావయ్య మడమ నేలని తొక్కడం మొదలుపెట్టింది. ఇంకొకడట! ఆ పంపులో చేరిన గాలిని తియ్యడానికి ఇంకొకడట!

దిగ్గున లేచాడు.

"అమ్మగారూ, నేను చుట్టాన్ని కాదు, మోటారువాణ్ణి. పంపులో గాలి చేరినట్టుంది. తాతల సంగతి ఆ గోడమీదాయన్ని అడగండి."

నీళ్ళొచ్చాయి. రాణిగారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్విందట. చిన్నదొర మాత్రం ఎర్రబడ్డ ముఖంతో మోటారు గదికొచ్చాడు.

"నా పరువు తీశావు."

"నీళ్ళిచ్చాను దొరా."

పైన కుళాయిలు ధారగా పారుతున్న చప్పుడు ఇద్దరికీ వినిపిస్తోంది. చిన్నదొర కాసేపు ఆ సగం మీసం కేసి చూశాడు.

"ఆ మిగతాది కూడా తీయించుకో. పొద్దున్నే వచ్చెయ్యి."

నున్నటి ముఖంతో ఇంటికొచ్చిన మావయ్యని అత్త గుమ్మంలోనే ఆపింది.

"ఎవరు కావాలండీ? మా ఆయన ఇంట్లో లేరు."

"నేనేనే!"

"అలాగే అంటారు లెండి అందరూ," అని అత్త పక్కకి జరిగి దారిచ్చింది. మావయ్య, ఖాళీ పెదవి మీద గాలిని మెలితిప్పుకుంటూ, వంటింటికీ వాకిలికీ మధ్య నడవడం మొదలుపెట్టాడు.