ఊపిరితో గీసిన పేరు

అతన్ని అక్క ‘గీతలోడు’ అనేది. నిజానికి చేత్తో ఒక్క గీత గీసిన పాపాన పోలేదు. ప్రకటనల ఆఫీసులో ఒక మూల కూర్చుని, అక్షరాలను గీసే ప్రోగ్రాములు రాస్తాడు. వాటిలో ఒకటి, మైకు ముందు ఊపిరి వదిలితే, టైపు చేసి ఇచ్చిన పేరును తెరమీద గీస్తుంది. గట్టిగా వదిలితే గీత లావవుతుంది, ఊపిరి తగ్గితే సన్నబడుతుంది. ఒకసారి వచ్చిన ఆకారం మళ్లీ రాదు. ఆ సంగతే కొనేవాళ్లకు గొప్పగా చెప్పుకునేవాడు, పాపం.

అక్కకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఒకరోజు కాలక్షేపానికని, అమ్మ చూస్తుండగా, అక్కను మంచం మీద లేపి కూర్చోబెట్టి, మైకు ముందు పెట్టాడు. ఆమె ఊపిరి తెగుతూ, తడబడుతూ వచ్చింది. తెరమీద ఆమె పేరూ అలాగే వచ్చింది. కొమ్ములు సన్నగా వణికాయి, తలకట్టు సగంలో ఆగిపోయింది.

“అచ్చం నాలాగే ఉందిరా! నా సమాధి రాయి మీద ఇదే చెక్కించు,” అని నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది.

“ఊరుకో అక్కా, అవేం మాటలు?” అని కసురుకుని, ఆ పేరును సేవ్ చేయకుండానే టక్కున మూసేశాడు. దాచిపెడితే ఆమె పోతుందని ఒప్పుకున్నట్టవుతుందని భయం. భయం మనిషి చేత ఎంత తెలివితక్కువ పని చేయిస్తుందో!

అక్క పోయింది. పేరు ఎలా ఉండాలో పంపమని రాయి చెక్కే మేస్త్రీ కబురు పెట్టాడు. గీతలోడు మైకు ముందు కూర్చున్నాడు. అతని ఊపిరికి అక్షరాలు బొద్దుగా, నిండుగా వచ్చాయి. పరుగెత్తి వచ్చి వదిలాడు, బిగబట్టి వదిలాడు. ఎన్ని తిప్పలు పడ్డా అవి ఆరోగ్యంగానే ఉన్నాయి. కోడ్‌లో అంకెలు మార్చి సన్నగా చేస్తే వేషం వేసినట్టు కనిపించాయి. తన ఊపిరితిత్తులు బాగున్నందుకు అతనికి తన మీదే అసహ్యం వేసింది.

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఖాళీ మంచం వంక చూసేసరికి, ఇన్నాళ్లూ దిగమింగుకున్న ఏడుపు కట్టలు తెంచుకుంది. అతను ఆమె భుజాలు పట్టుకున్నాడు. మైకు సంగతే మరిచిపోయాడు.

ముందుగా చూసింది అమ్మే. “అదిగోరా! అక్క అడిగింది అదే కదా?”

తెరమీద అక్క పేరు తెగుతూ, తడబడుతూ గీసుకుంటోంది. మైకు అమ్మ వెక్కిళ్లను వింటోంది.

“అవునమ్మా, దొరికింది,” అన్నాడు. ఈసారి సేవ్ చేశాక గాని మైకు ఆపలేదు.

మేస్త్రీ ఉన్నదున్నట్టు చెక్కాడు. అక్కడికి వెళ్లినప్పుడల్లా అమ్మ ఆ అక్షరాలను వేలితో తడిమి, “నా తల్లి ఊపిరి,” అంటుంది. అది అమ్మ ఏడుపేనని గీతలోడు ఇంతవరకూ చెప్పలేదు.