తువాలు కింద కస్టమ్స్

మా మావయ్య కుడికంటికి పత్తికట్టె తగిలింది. ఆయన వ్యాపారం గుంటూరు యార్డులో మిరపకాయలు కొని పై ఊళ్లకు పంపడం. అది చాలదన్నట్టు ఊళ్లో రెండెకరాల పత్తిచేను కూడా ఉండేది. ఆఖరి తీత అయిపోయాక కూలీలు కట్టె పీకుతుంటే, గట్టున నిలబడ్డవాడు నిలబడక, "అట్టా కాదర్రా, ఇట్టా" అంటూ దిగి చూపించబోయాడు. చూపించాడు. కట్టె ఎగిరొచ్చి కంట్లో కొట్టింది. ఆ తర్వాత చాలాకాలం మా ఇళ్లలో ఎవరూ ఎవరికీ పని నేర్పలేదు.

వాపు తగ్గింది, ఎరుపు తగ్గింది. అందరం ఊపిరి పీల్చుకున్నాక, నల్లగుడ్డు మధ్యలో తెల్లటి పొర కమ్మడం మొదలైంది.

మిర్చి వ్యాపారి చదువంతా కళ్లలోనే ఉంటుంది. టిక్కీ, అంటే మిరపకాయలు తొక్కి నింపిన గోతం, మూతి విప్పి గుప్పెడు కాయలు ఎండలో పట్టుకుంటే ఆ ఒక్క చూపులో తేలిపోవాలి: ఇది చేలో పండిన ఎరుపా, నీళ్లు చల్లి తెచ్చిన ఎరుపా అని. మావయ్య కన్ను మందగించిందన్న సంగతి యార్డులో త్వరగానే పాకింది. రైతులు రంగు పోయి తెల్లబారిన తాలుకాయ కలిసిన టిక్కీలన్నీ ఏరి ఆయనకు కుడిపక్కన పెట్టసాగారు. అప్పటికి బీకాం పాసై ఖాళీగా ఉన్నాను కాబట్టి, "నీ కుడిపక్కన నిలబడే ఉద్యోగం ఉంటే చెప్పు మావయ్యా" అని దరఖాస్తు పెట్టుకున్నాను. ఆయన నవ్వలేదు. నవ్వకపోవడం అదే మొదలు.

గుంటూరులో కంటి డాక్టరు గారు లైటు వేసి చూసి, విషయం అరటిపండు ఒలిచినట్టు చెప్పారు. ముసలివాళ్లకు చేసినట్టు పొర తీసేసి సోడాబుడ్డి కళ్లద్దాలు ఇస్తే ఈయనకు పనికిరావు. రెండో కన్ను శుభ్రంగా ఉంది. ఒక కంటికి వస్తువు పెద్దగా, ఇంకో కంటికి చిన్నగా, ఒక్కటి రెండుగా కనబడుతుంది.

"డబ్బులు కూడా రెండుగా కనబడతాయాండీ?" అన్నాను. అత్తయ్య నా తొడ మీద గిల్లింది. ఆ మచ్చ వారం ఉంది.

దారి ఒకటే. పొర తీసిన చోట కంటి లోపలే చిన్న ప్లాస్టిక్ బిళ్ల పెట్టాలి. అది మన దగ్గర దొరకదు, విదేశం నుంచి పోస్టులో రావాలి. డాక్టరు గారే రాసి తెప్పిస్తామన్నారు. మేము ఎదురుచూస్తూ కూర్చుంటే కన్ను మాత్రం ఎదురుచూడలేదు. లోపల పొర ఉబ్బడం మొదలుపెట్టింది, తలనొప్పి పట్టుకుంది.

"వచ్చే సోమవారం పొర తీసేయాల్సిందే" అన్నారు డాక్టరు గారు. "ఇంకా ఆగితే ఒత్తిడికి చూపు నరం చచ్చిపోతుంది. బిళ్ల చేతిలో ఉంటే అప్పుడే పెడతాను. లేకపోతే లేదు. తర్వాత మళ్లీ కన్ను తెరిచి పెట్టడానికి నేను పూచీ పడను."

ఆ మాట అన్న మర్నాడే మద్రాసు నుంచి కార్డు వచ్చింది. మీ పార్సెలు వచ్చింది, కస్టమ్స్ వారు చూసి సుంకం కట్టాలి, కాగితాలు తీసుకుని రండి అని. సముద్రాలు దాటి వచ్చిన బిళ్ల మద్రాసులో ఆగింది. మావయ్య డాక్టరు సర్టిఫికెట్టు జేబులో పెట్టుకున్నాడు, యార్డు తువాలు భుజాన వేసుకున్నాడు. ఇంగ్లీషు కోసం నన్ను వెంట తీసుకున్నాడు. మా చుట్టాలందరిలో తక్కువ తప్పులతో మాట్లాడేవాణ్ణి నేనే.

శుక్రవారం ఉదయం మద్రాసులో దిగాం. విదేశీ పార్సెళ్లు వచ్చే ఆ పోస్టాఫీసులో పొడుగాటి హాలు, వరసగా బల్లలు, బల్లకో ఆఫీసరు, ఆఫీసరుకో గుంపు. గోడ మీద బోర్డు చదివాను. డబ్బులు కట్టే కిటికీ మధ్యాహ్నం మూడింటికి మూసేస్తారు. శని, ఆదివారాలు సెలవు.

"ఏం రాశార్రా?" అన్నాడు మావయ్య.

"మనల్ని చూసి సంతోషించామని రాశారు."

మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. ఆఫీసరు నడివయసు మనిషి, తెల్లచొక్కా, నలగని ముఖం. ఆయన ఇంగ్లీషు, మావయ్య తెలుగు, మధ్యలో నేను. అటు విసుగును ఇటు, ఇటు విసుగును అటు చేరవేయకుండా మధ్యలోనే దిగమింగుతూ చాలాసేపు శాంతి కాపాడాను. ఆఫీసరు కాగితాలు చూశాడు. అట్టపెట్టె తాళ్లు కోశాడు. దాంట్లో ఇంకో పెట్టె. దాంట్లో అతికించిన సంచీ, అరచేతిలో పట్టేంత. ఆయన దాన్ని నొక్కి చూసి, బ్లేడు అందుకున్నాడు.

సంచీ మీద ఎర్రటి అక్షరాలు నాకు తలకిందులుగా కనబడుతున్నాయి. క్రిములు లేకుండా శుద్ధి చేసినది, తెరిస్తే వాడరాదు అని.

"సార్, దయచేసి కొయ్యొద్దు" అన్నాను.

"చూడకుండా సుంకం ఎలా వేస్తాను?"

"ఏమంటున్నాడ్రా?" అన్నాడు మావయ్య. చెప్పాను. తీరా చెప్పాక ఆయన ఆఫీసరు పక్షం చేరాడు.

"నిజమే కదరా. సరుకు చూడకుండా ధర ఎవడు కడతాడు? టిక్కీ కొయ్యనియ్యని రైతు మీద మనకి అనుమానం రాదూ? కొయ్యమను." అని ఊరుకోక, బ్లేడు వైపు చెయ్యి ఊపి, "కొయ్యండి, కొయ్యండి, దాచేదేం లేదు" అన్నాడు.

ఆ చెయ్యి ఊపడం మాత్రం ఏ భాషలోనైనా అర్థమవుతుంది. ఆఫీసరు బ్లేడు సంచీ అంచున ఆనించాడు.

"మావయ్యా! కోస్తే అది నీ కంట్లో పెట్టడానికి పనికిరాదు! గాలి తగిలితే అయిపోయినట్టే!" అని అరిచాను. హాలంతా ఇటు తిరిగింది.

మావయ్య ఊపుతున్న చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. ఆఫీసరు బ్లేడు ఆపి, మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. "పార్సెలు ఎవరిదో ఆయన కొయ్యమంటాడు. నువ్వు వద్దని అరుస్తావు. లోపల ఏముంది?"

"కన్ను సార్" అన్నాను. దానికన్నా మంచి మాట నాకు ఇంగ్లీషులో తోచలేదు. దానివల్ల అనుమానం తగ్గిందని చెప్పలేను. మందు అని రాసున్న పొట్లాల్లో గడియారాలు దొరికిన సంగతి ఆయన నాకు ఓపిగ్గా చెప్పాడు.

నేను ఇంగ్లీషు వెతుక్కుంటున్న ఆ సందులోనే మావయ్య తన దారి తను చూసుకున్నాడు. మా యార్డులో ధర నోటితో చెప్పరు. కొనేవాడి చెయ్యీ అమ్మేవాడి చెయ్యీ ఒకే తువాలు కిందకి వెళ్తాయి. పట్టుకున్న వేళ్లను బట్టి అంకె. పక్కవాడికి తెలియదు, ఎవరి పరువూ పోదు. సరుకు విప్పకుండా ధర తేల్చాలంటే ఇక ఇదొక్కటే పద్ధతి అనుకున్నాడు కాబోలు, భుజం మీది తువాలు తీసి ఆఫీసరు చేతి మీద కప్పి, లోపల ఆయన వేళ్లు పట్టుకుని గట్టిగా నొక్కాడు.

ఆఫీసరు కుర్చీ వెనక్కి పడేలా లేచాడు.

"లంచమా?" అన్నాడు. ఆ ఒక్క మాటకు అనువాదం అక్కర్లేకపోయింది. పక్క బల్లల వాళ్లు కలాలు దించారు. నేను, లంచం కాదు సార్, ఇది మా ఊరి పద్ధతి, అంకె చెప్పడం అంతే, చేతిలో ఒక్క పైసా లేదు చూడండి అంటూ మావయ్య అరచేయి తిప్పి చూపించాను. అరచేతిలో ఏమీ లేదు. తువాల్లో మాత్రం సీజను మొత్తం మిరప దుమ్ము ఉంది. తువాలు బల్ల మీద పడేసరికి ఆ దుమ్ము లేచింది. ఆఫీసరు తుమ్మాడు. ఆయన వెనక గుమాస్తా తుమ్మాడు. మమ్మల్ని పోలీసులకు పట్టివ్వాలా అని ఆలోచించే మనిషి వరసగా తుమ్ముతుంటే చూడ్డం కన్నా భయంకరమైనది ఇంకోటి ఉండదు. నవ్వు వస్తుంది. నవ్వామో, అయిపోయాం.

"బయట కూర్చోండి. పిలిస్తే రండి."

బయట బల్ల మీద కూర్చున్నాం. తలుపు సందులోంచి ఆయన బల్ల కనబడుతోంది. సంచీ అక్కడే ఉంది, దాని మీద బ్లేడు ఉంది. భోజనాల వేళ అయింది. ఆఫీసరు లేచి వెళ్లిపోయాడు. సంచీ, బ్లేడు వెళ్లలేదు.

"ఒరేయ్, నన్ను లంచగొట్టు మనిషిననుకున్నాడ్రా" అన్నాడు మావయ్య.

"లంచం ఇచ్చేవాణ్ణి లంచగొట్టు అనరు మావయ్యా. పుచ్చుకునేవాణ్ణి అంటారు."

"నోర్ముయ్."

కాసేపయ్యాక ఆయన ఎడమ అరచేత్తో మంచికన్ను మూసుకున్నాడు. ఎదురుగా కిటికీలోంచి ఎండ పడుతోంది. అటే చూస్తూ ఉండిపోయాడు.

"ఏమన్నా కనబడుతోందా?"

"వెలుతురుందిరా. అంతే." చెయ్యి తీయకుండానే అన్నాడు. "సోమవారం దాకా ఇదన్నా ఉంటుందో ఉండదో."

నేను తలుపు సందులోకి చూస్తూ కూర్చున్నాను.

ఆఫీసరు తిరిగొచ్చి మమ్మల్ని పిలిచేసరికి గోడ గడియారంలో మూడుకు ఇంకా కొంచెం ఉంది, అంతే. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. డాక్టరు సర్టిఫికెట్టు మళ్లీ మొదటినుంచి చదివాడు. ఆస్పత్రి పేరు, కంపెనీ చీటీ మీది పేరు పక్కపక్కన పెట్టి చూశాడు. సంచీ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాడు. ఒక వైపు తిప్పాడు, ఇంకో వైపు తిప్పాడు. ఒక చోట ఆపాడు. పలచటి కాగితం వెనక చిన్న డబ్బీ, దాంట్లో ఒక గుండ్రటి నీడ, దానికి అటూ ఇటూ మీసాల్లా రెండు పోగులు.

"ఇంతేనా?" అన్నాడు.

"అంతేనండీ" అన్నాడు మావయ్య, నేను తెలుగులో చెప్పేలోపే. ఈసారి చేతులు రెండూ వెనక కట్టుకున్నాడు.

ఆఫీసరు కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. రాశాడు, లెక్కేశాడు, మళ్లీ రాశాడు. తలెత్తి, మావయ్యకు చెప్పమని నాతో, "మా దగ్గర ధర ఒక్కటే. అందరికీ వినబడేలా చెబుతాం" అని అంకె బిగ్గరగా చదివాడు. బిళ్ల ఖరీదుకు కాస్త తక్కువ, అంతే. హాలంతా వింది. మావయ్య సిగ్గుతో కుంచించుకుపోయాడు. ఎక్కువైందని కాదు. పదిమందిలో ధర పైకి చదివించుకోవడం ఆయన బతుకులో అదే మొదటిసారి.

"తగ్గించమని అడగనా?" అన్నాను గుసగుసగా.

"ఇంకొక్క మాట మాట్లాడితే ఇక్కడే చంపుతా. పరిగెత్తు."

పరిగెత్తాం. డబ్బు కిటికీ హాలుకు ఆ చివర. మేము వెళ్లేసరికి లోపలి మనిషి చెక్క తలుపు కిందికి లాగుతున్నాడు. ఆలోచించలేదు, చెయ్యి పెట్టేశాను. తలుపు నా వేళ్ల మీద దిగింది.

"టైమైపోయింది" అన్నాడు లోపలి మనిషి.

"అయిపోతే పోనివ్వండి, నా వేళ్లు లోపలే ఉన్నాయి" అన్నాను. తెలుగులో అన్నానో ఇంగ్లీషులో అన్నానో ఇప్పటికీ తెలియదు. ఆయన తలుపు ఎత్తాడు. వేళ్లు తీసుకునేలోపే మావయ్య పక్కనుంచి నోట్లు తోసేశాడు. మిరప దుమ్ము పట్టి ఎర్రబడ్డ యార్డు నోట్లు. లోపలి మనిషి లెక్కపెడుతూ ముక్కు నలుపుకున్నాడు. తుమ్మొస్తే లెక్క తప్పుతుందేమో, మళ్లీ మొదటినుంచి లెక్కపెడతాడేమో అని నేను ఆయన ముక్కునే చూస్తూ నిలబడ్డాను. తుమ్మలేదు. రశీదు మీద ముద్ర పడింది.

ఆఫీసరు సంచీ మా చేతికిస్తూ నాతో ఒక్కమాటే అన్నాడు. "ఆపరేషన్ రోజు ఆ తువాలు ఆస్పత్రిలోకి రానివ్వకు."

గుంటూరు చేరేదాకా మావయ్య ఆ సంచీని నాకు ఇవ్వలేదు, తను నిద్రపోలేదు. రైల్లో ఎదుటి మనిషి మర్యాదకు "ఏమిటండీ అది?" అంటే, "కన్ను" అన్నాడు. ఆ మనిషి మా సామాను వైపు ఓసారి చూసి, పై బెర్తు ఎక్కేశాడు.

సోమవారం ఆపరేషను అయింది. కట్టు విప్పిన రోజు డాక్టరు గారు ఎదురుగా నిలబడి, "కనబడుతోందా?" అన్నారు. మావయ్య డాక్టరు గారి ముఖంలోకి వంగి చూశాడు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది, గిల్లడానికి కాదు. "మీరు గడ్డం గీసుకోలేదండీ" అన్నాడు చివరికి. డాక్టరు గారు గడ్డం తడుముకున్నారు. అత్తయ్య గోడకు ఆనుకుని ఏడ్చింది.

చూపు వచ్చింది గాని ఒక చిక్కు వచ్చిపడింది. వాకిట్లో ఆరబోసిన మిరపకాయ ఎడమకంటితో చూస్తే నిరుటి కాయలా కాస్త పసుపు తిరిగి కనబడుతోంది. కుడికంటితో చూస్తే నిన్న కోసినంత ఎరుపు. వయసుతో పాటు మన కంటి బిళ్ల పచ్చబడుతుంది, కొత్తది అట్లా కాదు, అన్నారు డాక్టరు గారు. మావయ్య రెండు రోజులు దిగులు పడ్డాడు. ఇన్నేళ్లూ తను కట్టిన ధరల్లో ఏది సరైనదో తేల్చుకోలేకపోయాడు. మూడో రోజు యార్డుకు వెళ్లాడు.

ఇప్పుడు కొనేటప్పుడు కుడికన్ను మూస్తాడు, అమ్మేటప్పుడు ఎడమకన్ను మూస్తాడు. రైతులు దీన్ని కనిపెట్టడానికి ఎంతోకాలం పట్టలేదు. ఆయన కుడికన్ను మూతపడిందంటే చాలు, మారుమాట లేకుండా, ధరైనా అడక్కుండా టిక్కీ మూతి బిగించి కట్టేస్తున్నారు.