చావు సామానుకి లోగో

కాలేజీలో నాతో చదివిన స్నేహితురాలూ నేనూ కలిసి ఏలూరులో డిజైన్ ఆఫీసు నడుపుతున్నాం. కైకలూరు వ్యాపారులకి రొయ్యల మేత సంచులు, తాడేపల్లిగూడెం మిల్లులకి బియ్యం బస్తాలు, మధ్యలో పెళ్లి శుభలేఖలు. ఎవరెవరి సరుకుకో పేర్లు పెట్టీ పెట్టీ విసుగొచ్చి, మనదంటూ ఒకటి ఉండాలనుకునేవాళ్లం.

అలాంటి రోజుల్లో నా స్నేహితురాలి నాన్నగారు పోయారు. రిటైరైన మాస్టారు. అన్నదమ్ములు లేరు గనక చర్చి పద్ధతిలో సాగనంపడానికి కావలసినవాటి కోసం తనే తిరగాల్సి వచ్చింది. తెల్లగుడ్డ ఒకచోట, దూది మందుల షాపులో, కొవ్వొత్తులు ఇంకోచోట. స్కూటర్ మీద నా వెనక కూర్చుని అడిగింది: "ఇవన్నీ ఒక పెట్టెలో పెట్టి ఎవరూ అమ్మరంటావా?"

మేమే అమ్ముదామనుకున్నాం. క్రైస్తవులకొక పెట్టె, హిందువులకొక పెట్టె. రెండో దాంట్లో కొత్తబట్ట, కుండ, నువ్వులు, దర్భ. ఏది ఎప్పుడు కావాలో వరసగా రాసిన కాగితం. లేతబూడిద రంగు అట్ట మీద పేరు, గుర్తు. ఆ గుర్తు కోసమే మూడు నెలలు కొట్టుకున్నాం.

అట్ట వెయ్యమంటే ప్రింటరుగారు చేతులు జోడించారు. "ఏవండీ, శుభలేఖలేసే మిషనండీ ఇది!" చివరికి విజయవాడలో వేయించాం. ఆఫీసు ఇంటి ఓనరుగారు వచ్చి, "ఆ పెట్టెల బోర్డు తీసెయ్యండమ్మా, మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం" అన్నారు. మా అత్తగారు ఒక్క పెట్టెని కూడా గుమ్మం దాటనివ్వలేదు. అన్నిటికన్నా బాధ పెట్టింది కైకలూరు మేత కొట్టాయన. మా మొదటి కస్టమరు. మెత్తగానే చెప్పారు: "మీరు చదువుకున్నోళ్లు, తప్పని అనను. కానీ ఆ బొమ్మలు గీసే చేత్తో నా సంచి గీస్తే చెరువులో రొయ్య బతకదని రైతులంటారమ్మా."

టీ తాగి వచ్చేశాం.

ఏడాది తర్వాత ఒక ఉదయం ఆయనే ఫోన్ చేశారు. "మా అమ్మ పోయిందమ్మా. ఆ పెట్టె ఉందాండీ? పేరు కనపడకుండా తెస్తారా?"

పాత న్యూస్‌పేపరు చుట్టి తీసుకెళ్లాం. పెరటి గుమ్మం దగ్గర అందుకున్నారు. చుట్టాలు తలో మాటా చెప్తుంటే, ఆయన మా కాగితం పట్టుకుని వరసగా చదువుకుంటూ అన్నీ జరిపించారు. కారెక్కుతుంటే దగ్గరకొచ్చారు. "ఇంతమందిలో ఎవరికీ ఏదీ సరిగ్గా తెలీదమ్మా. ఈ కాగితం లేకపోతే నా బుర్ర పనిచేసేది కాదు."

మేత సంచుల పని మాత్రం మళ్లీ ఇవ్వలేదు. మేమూ అడగలేదు.

ఇప్పుడు పెట్టెలన్నీ పేరు లేని అట్టలోనే పంపుతున్నాం. ఏ కొట్టూ బయట పెట్టదు. ఒకరు చెప్తే ఇంకొకరు ఫోన్ చేస్తారు, అదీ గొంతు తగ్గించి. శుభలేఖల పని దాదాపు పోయింది. మానేద్దామని ఇద్దరం వంతులవారీగా అనుకుంటాం. ఒకరు అన్న రోజున రెండోవాళ్లు ఇంకో నెల చూద్దామంటారు.

మొన్న చింతలపూడి నుంచి ఎవరో ఆవిడ ఫోన్ చేసింది. ఏ పెట్టె కావాలండీ అని అడిగితే చెప్పబోయి ఏడ్చేసింది. నా స్నేహితురాలు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, ఆవిడ తేరుకునేదాకా అలాగే నిలబడింది.