జిరాక్సులు పెట్టుకోండి

సికింద్రాబాద్‌లో సైనిక్‌పురి బస్సెక్కి, ఫోన్‌లో మాట్లాడుతున్న ఒకమ్మాయి పక్కన కూర్చున్నాను. నా వయసే. ఆమెకూ అది మొదటి ఉద్యోగమేనని మాటలను బట్టి తెలిసింది.

"జాయిన్ అయిత సార్. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇయ్యను. చూసి వాపస్ ఇయ్యండి, జిరాక్సులు పెట్టుకోండి."

అవతలివాళ్లు ఏమన్నారో, కాసేపటికి "సరే సార్, సోమవారం వస్తా" అని పెట్టేసింది.

ఆ ఉదయమే నేను నా ఒరిజినల్స్ అన్నీ, రెండేళ్లదాకా తిరిగివ్వరని తెలిసీ, నేను చేరబోయే ఆఫీసులో అప్పగించి, పైగా థాంక్యూ చెప్పి వచ్చాను.

"వాళ్లకి కోపం రాలేదా అండీ?" అన్నాను.

"అడిగితే ఏమైతది? మహా అయితే కాదంటరు, గంతే గద," అంది, ఒళ్లో లావుపాటి ఫైలు సర్దుకుంటూ.

నా ఫైలు ఖాళీ. నేరేడ్‌మెట్‌లో దిగేదాకా, వాళ్లు మళ్లీ ఫోన్ చేసి ఆమెను రావద్దనాలని కోరుకున్నాను. ఫోన్ మోగలేదు.