తడి ఆరని పేరు

నన్ను చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ ఒక బ్రెడ్డు ప్యాకెట్టూ ఒక పరీక్షా పట్టుకొచ్చేవాడు. బ్రెడ్డు మా ఆవిడ చేతికిచ్చి, పేపరు నా మొహం ముందు పెట్టి, "ఇదేం అక్షరం, చెప్పు చూద్దాం" అనేవాడు. జన్మంతా అక్షరాలు రాసుకుని బతికినవాణ్ణి. గుడివాడ బజార్లో ఒకప్పుడు సగం కొట్ల బోర్డులు నా చేతివే. అలాంటివాణ్ణి తెచ్చి ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. ఒకాయన్ని లేచి పొమ్మన్నాను. "పాపం, బుర్ర దెబ్బతింది గదా" అని గొణుక్కుంటూ పోయాడు. ఆ బ్రెడ్డు కుక్కకి వేయించాను.

నాకు మాట పోలేదు, చెయ్యి పడిపోలేదు. ఒక పొద్దున్న పేపరు విప్పితే అది ఏ దేశపు లిపో అన్నట్టుంది, అంతే. కుడిపక్క చూపు కూడా పోయి, గుమ్మాలకి భుజం గుద్దుకునేవాణ్ణి. బందరు ఆసుపత్రిలో డాక్టరు పేరు రాయమంటే గుండ్రంగా రాశాను. కాసేపాగి అదే కాగితం చూపించి చదవమంటే, "ఎవరు రాశారండీ ఇది?" అని అడిగాను. మెదడు వెనక భాగంలో కొంత మేర రక్తం అందక చచ్చిపోయిందట. కంటికి కనబడిన అక్షరం అర్థమయ్యే చోటికి వెళ్ళే దారి తెగిందట. రాయించే భాగం మాత్రం బాగానే ఉందట. "మీరు చదవలేరు, కానీ రాయగలరు" అన్నాడాయన. పక్కనే ఉన్న మా బావమరిదికి అందులో మొదటి సగమే వినపడింది.

వాడు మా ఆవిడ తమ్ముడు. కుంచె ఎలా పట్టుకోవాలో వాడికి నేర్పింది నేను. ఏకు మేకై కూర్చున్నాడు. నేను ఇంకా మంచం దిగకముందే నాగాయలంక వెళ్ళి, "బావకి అక్షరాలు పోయాయండీ, ఇక పనులన్నీ నేనే చూస్తాను" అని బోట్లవాళ్ళందరికీ చెప్పొచ్చాడు.

ఫ్లెక్సీలు వచ్చి మా పొట్ట కొట్టాక నాకు మిగిలినవి ఆ బోట్లే. ఏటా వేట నిషేధం రోజుల్లో బోట్లు గట్టుకి లాగి, మరమ్మతు చేసి, రంగులేసి, పేరు కొత్తగా రాయిస్తారు. ముందు కొబ్బరికాయ కొడతారు. ఆ తర్వాత రాసిన పేరు బోటు నీళ్ళలో దిగేదాకా చెరగకూడదు. చెరిగితే అరిష్టమంటారు. ఆ పని కూడా పోతే నేనిక పెయింటర్ని కాదు, ఇంట్లో బ్రెడ్డు తింటూ పడుండే రోగిని.

ఆ వేసవిలో ఒక సంగతి కనిపెట్టాను. పెరట్లో నా పాత రేకు బోర్డు ఒకటి ఉంటే, ఊరికే దాని అక్షరాల మీద వేలు పెట్టి, రాసేటప్పుడు కుంచె తిరిగినట్టే తిప్పాను. కళ్ళు చెప్పలేనిది చెయ్యి చెప్పింది. ఒక్కో అక్షరం తిప్పుకుంటూ బోర్డంతా చదివేశాను. ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్ళీ పరీక్షలు పెడతారు.

మర్నాడే కుంచెలు సంచిలో వేసుకుని బయల్దేరాను. బస్సు ఎక్కడికని అడిగితే, "బోర్డు కనపడట్లేదా పెద్దాయనా" అన్నాడొకడు. నేనన్న మాట ఇక్కడ రాయకూడదు.

నాగాయలంక గట్టు మీద బావమరిది అప్పటికే రంగులు కలుపుతున్నాడు. బోటు యజమాని కుర్రాడు ఇబ్బందిగా నవ్వాడు.

"మీ వల్ల అవుతుందా మావయ్యా?"

"కాయ కొట్టు" అన్నాను.

కొట్టాడు. వాళ్ళమ్మ పేరు, ఎర్ర రంగుతో, ఎప్పుడూ రాసినట్టే రాశాను. చెయ్యి ఎక్కడా ఆగలేదు. కుర్రాడి మొహం తేటపడింది. "బాగుంది మావయ్యా" అన్నాడు.

అప్పుడు మా బావమరిది అందరూ వినేలా అడిగాడు. "రాయడం సరే బావా. ఏం రాశావో చదువు."

ఆ పేరు సరిగ్గా ఉందని అక్కడున్న ప్రతివాడికీ కనపడుతూనే ఉంది. వాళ్ళందరికీ చదువొచ్చు. అయినా ఒక్కడూ "ఉందిలే" అనలేదు. చేతులు కట్టుకుని నా నోటి వంక చూస్తూ నిలబడ్డారు, ఆ బ్రెడ్డు మనుషుల్లాగే.

ఆరేదాకా ఆగండి, చదువుతాను అంటే సరిపోయేది. నాకు ఒళ్ళు మండిపోయింది. తడి రంగులోనే వేలు పెట్టాను. మొదటి అక్షరం తిప్పాను, పైకి చదివాను. రెండోది తిప్పాను. వాళ్ళమ్మ పేరు చివరిదాకా, గట్టు మీద అందరికీ వినపడేలా చదివి, "విన్నావుట్రా?" అని బావమరిది వైపు తిరిగాను.

వాడు నావైపు చూడ్డం లేదు. ఎవరూ చూడ్డం లేదు. అందరూ బోటునే చూస్తున్నారు. నా చెయ్యి మణికట్టు దాకా ఎర్రగా ఉంది.

"చెరిపేశారు గదా మావయ్యా" అన్నాడు కుర్రాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఇంకో కాయ తెమ్మని ఎవర్నో పంపి, కుంచె బావమరిది చేతికిచ్చాడు.

వాడు కిరసనాయిలు గుడ్డతో నా అక్షరాలు తుడిచేసి, ఆ చోటే మళ్ళీ రాశాడు. సరిగ్గా రాశాడో లేదో నాకు తెలియదు. చూద్దామని దగ్గరికెళ్తే, తడి ఆరలేదు, వేలు పెట్టకు బావా అన్నాడు.