మా లతకు ఈఈజీ తీయించిన రోజులు

ప్లేగు భయానికి సూరత్ వదిలిపోయిన వాళ్లమంతా తిరిగొచ్చిన మరుసటి ఏడు అది. ఊళ్లోని బమ్రోలి బస్తీలో మాది ఒకే గది. మా లతకు అప్పుడు ఐదేళ్లు. మాటలు రాలేదు. పిలిస్తే చూడదు, ముట్టుకుంటే అరుస్తుంది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ "ఆటిజం" అంది. ఆ మాట మా బస్తీలో ఎవరూ విననిది.

మేలుకుని ఉన్నంతసేపూ లత గొంతులో ఊ... అని రాగం తీస్తూ, దారం అయిపోయిన ఖాళీ బాబిన్‌ను నేల మీద తిప్పుతూ ఉండేది. ఒక మధ్యాహ్నం నేను బియ్యం కడుగుతుంటే ఆ రాగం చటుక్కున ఆగింది. తిరిగి చూశాను. లత కళ్లు ఒక పక్కకు నిలిచిపోయాయి. పెదవులు ఏదో నములుతున్నట్టు కదులుతున్నాయి. భుజం పట్టి ఊపాను. అరవలేదు. నాకు భయం వేసింది అందుకే. కాసేపటికి మళ్లీ రాగం మొదలెట్టింది గానీ, ఆ వారంలోనే ఇంకో రెండుసార్లు అలాగే అయింది.

మా ఆయన రాజేశం మరమగ్గాలు నడిపే సాంచాల కార్ఖానా నుంచి రాగానే చెప్పాను. "జర సూడుండ్రి, పిల్ల మల్ల మల్ల గిట్లనే అయితుంది."

"దాని లోకం దానిదే గదనే. ఎప్పుడట్లనే ఉంటది" అన్నాడు.

ఆ ఆదివారం ఆయన అన్నం తినిపిస్తుండగానే అలా అయింది. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. "ఏందే గిది? పిల్ల నా ముంగటనే ఉంది, ఉన్నట్టే లేదు" అన్నాడు.

డాక్టరమ్మ హిందీలో నెమ్మదిగా చెప్పింది: "ఇది ఆటిజం వల్లనో, ఫిట్సో చూసి చెప్పలేను. ఈఈజీ తీయాలి."

ఈఈజీ అంటే మెదడు పరీక్ష. తలంతా పేస్టు పూసి వైర్లు అంటిస్తారు. పిల్ల కదలకూడదు. దువ్వెన పెట్టనివ్వని పిల్ల! నిద్ర కోసం సిరప్ తాగించారు. నిద్ర రాకపోగా రెచ్చిపోయి తల గోడకేసి కొట్టుకుంది. నన్ను బయటికి పంపి తలుపు వేశారు. లోపలి నుంచి వచ్చిన ఆ కేక నా బిడ్డదేనని నమ్మలేకపోయాను. తలుపు తీసేసరికి తన మణికట్టు తానే కొరుక్కుని ఉంది. "నహీ హోగా, బహెన్. లే జావో" అన్నాడు టెక్నీషియన్. పరీక్ష కాకుండానే పిల్లను ఇంటికి తెచ్చుకున్నాం.

ఆ తర్వాత అలా నిలిచిపోవడం మరీ ఎక్కువైంది. ఒకసారి స్టవ్ పక్కనే కూలబడి పెదవి చిట్లింది. మళ్లీ పరిగెత్తాము. "రికార్డింగ్ లేకుండా ఏ మందని ఇవ్వను?" అంది డాక్టరమ్మ. పరీక్షకు పిల్ల ఒప్పుకోదు, పరీక్ష లేనిదే మందు రాదు. డాబా మీద బట్టలు ఆరేస్తూ, నేనూ లతా ఇద్దరం లేకుండా పోతే బాగుండునని అనుకున్న రోజులున్నాయి. దాచుకుంటే ఇది రాయడమే దండగ.

దారి మా ఆయనకే తట్టింది. "మైదా తడిపియ్యవే. ఇంట్లనే అలవాటు జేద్దాం" అన్నాడు. ముందు తన తలకే పూసుకుని, వైర్లలాగా దారపు పోగులు అంటించుకున్నాడు. లత దగ్గరికొచ్చి ఒక పోగు పీకింది. రోజూ అదే ఆట. తర్వాత లత నుదుటి మీద చిన్న చుక్క పెట్టాడు. తుడిచేసింది. మళ్లీ పెట్టాడు. అలా వారాలు పట్టింది.

రెండోసారి వేరే టెక్నీషియన్ ఉన్నాడు. నేనూ బల్ల మీద పక్కన పడుకుంటానని చేతులు జోడించి అడిగాను. సరేనన్నాడు. లత నా రొమ్ము మీద తల పెట్టి మగతలోకి జారింది. వైర్లన్నీ అంటించగలిగాడు. కాగితం మీద మెషిన్ ముళ్లు సన్నగా గీతలు గీస్తున్నాయి. ఇంతలో లత కళ్లు తెరిచింది, చూపు పక్కకు నిలిచిపోయింది. ఆ ముళ్లన్నీ ఒక్కసారిగా ఎగిరెగిరి పడ్డాయి. దొరకాలని మొక్కుకున్నది దొరికింది. చూడలేక కళ్లు మూసుకున్నాను.

"ఫిట్సే" అంది డాక్టరమ్మ.

"మందేస్తే మాటలొస్తాయా, మేడమ్?" అని అడిగాను. అన్నాళ్లూ లోపల దాచుకున్న ఆశ అదే.

"మందు ఫిట్స్‌కే. ఆటిజం వేరు" అంది.

మొదటి మందుకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఆపి వేరేది ఇచ్చారు. దానితో రోజంతా తూగేది, తిన్నది కక్కేది. డోసు తగ్గించి, పెంచి, చివరికి కుదిరింది.

ఇప్పుడు లతకు తొమ్మిదేళ్లు. మాట రాలేదు. జ్వరమొస్తే ఫిట్స్ మళ్లీ వస్తాయి, లేకపోతే అరుదు. ఆకలైతే నా చెయ్యి పట్టుకుని గిన్నె దగ్గరికి లాక్కెళ్తుంది. ముట్టుకోనివ్వని పిల్ల తనంతట తానే చెయ్యి పట్టుకుంటుంది.

ఇలాంటి పిల్లలున్న తల్లులకు ఒక్కటే చెబుతాను. ఈఈజీకి వెళ్లినప్పుడు పిల్ల పక్కన మీరూ పడుకుంటామని అడగండి. విసుక్కుంటారు, అయినా అడగండి. ఆ గదిలో బిడ్డకు తెలిసినది మన ఒంటి వాసన ఒక్కటే.